లేని నెల

హలో… ఆ, నేనేలే. నా ఫోను నేను కాక ఇంకెవరు ఎత్తుతారు?

…

బాగానే ఉన్నాను. నిన్న సాయంత్రం కూడా బాగానే ఉన్నాను, అప్పుడూ నువ్వే అడిగావు… ఆ, బావా బాగానే ఉన్నారు. అమ్మా? అమ్మ కళ్ళజోడు షాపుకి వెళ్ళింది. పాత ఫ్రేములోనే కొత్త అద్దాలు వేయించుకుంటుందట… అవునురా, అదే ఫ్రేము. దానికి నీకంటే సర్వీసు ఎక్కువ.

…

ఏం కూరా? బఠాణీలు… ఊఁ… ఆగు. తమ్ముడూ, ఒక్క నిమిషం ఆగు.

పది రోజుల్లో బడ్జెట్ పెట్టుకుని, రాష్ట్ర ఆర్థికశాఖ సెక్షన్ ఆఫీసరు గారు పట్టపగలు మూడున్నరకి అక్కకి ఫోన్ చేసి కూరేమిటని అడుగుతున్నారంటే… నేను డిగ్రీలో చదివిన ఆర్థికశాస్త్రం మర్చిపోయాను గానీ, నిన్ను చదవడం మర్చిపోలేదు. చెప్పు. ఏమైంది?

…

ఏమీ కాలేదా. మరి మెట్ల మీద ఎందుకున్నావు?

… ఎలా తెలియడమేమిటి, గొంతు గంగాళంలోంచి వచ్చినట్టుంటే. చెప్పు, చెప్పు. చేతులకే పని, చెవులు ఖాళీ.

…

"తెలిసిన ఒకాయన"? ఊఁ… ఆ ఒకాయనకి ఆఫీసులో చిక్కు వచ్చింది… ఆయనదీ ఆర్థికశాఖేనా?… ఆయనకీ ఒక అక్క ఉందా?

… లేదులే, ఊరికే అడిగాను. కానీ.

…

…

ఆగు, నేను చెప్తాను, సరిగ్గా అర్థమైందో లేదో చూడు. ఈ ఏడు ఖజానాకి రాబడి బాగా వచ్చింది. భూములు చేతులు మారి, రిజిస్ట్రేషన్ల మీద—

… రహస్యమా? ఒరేయ్, మా వీధిలో ఇస్త్రీ చేసే ఆయన కూడా రెండు ప్లాట్లు కొన్నాడు. రహస్యమట, రహస్యం… సరే, అంకెలు చెప్పకు. అంకెలు నాకెందుకు, ఉన్న టెలిఫోన్ నంబర్లే గుర్తుండవు.

అలా వచ్చినదాంట్లో కొంత పక్కన పెట్టమంటున్నాడు మీ ఒకాయన. ఇది ప్రతి ఏడూ వచ్చే రాబడి కాదు, రేపు గాలి తిరిగితే పనికొస్తుంది అని. అంతేనా?… అలాగని ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టాడు… నలభై ఒకటో పేజీ. దాన్ని తీసేయమని పెద్దసారు అన్నారు.

… అనలేదా? మరేమన్నారు?

"ఈ పేజీ అవసరమంటారా?" అన్నారు. ఓహో… కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారా?… అయితే తీసేయమన్నట్టే.

…

మంచి ఏడాదిలో చెడ్డమాట ఎందుకు, శకునం బాగుండదు… అన్నారా నిజంగా? భలేవారే. గొడుగు కొంటే వాన పడుతుందని భయమన్నమాట… పక్కన పెట్టేదాంతో ఏం కడదామంటారు?… స్వాగత ద్వారమా. ఎవరికి స్వాగతం, వచ్చే కష్టకాలానికా?

… నవ్వకు, మెట్లు మోగుతాయి.

సరే, పేజీ తీసేస్తే ఏమవుతుంది?… ఏమీ కాదు. ఉంచితే?

… రికార్డు గదికి బదిలీ. అయ్యో. అక్కడ ఫ్యాను ఉంటుందా?… ఉంది గానీ తిరగదు. నీకెలా తెలుసు?

… పోయిన నెలే వెళ్ళి చూసొచ్చావా! ముందుచూపంటే నీదేరా. రాష్ట్రానికి నువ్వు చెప్పే జాగ్రత్త నీ వరకు నువ్వు అప్పుడే తీసుకున్నావు.

… ఆ, "ఒకాయన" పోయి నువ్వు వచ్చావు, గమనించాను. పర్వాలేదు, ఆయన్ని టీ తాగి రమ్మను.

ఫైలు ఎన్నింటికి పైకి వెళ్ళాలి?… ఐదింటికి. ఇప్పుడు మూడూ నలభై. ఆ పేజీ ఇప్పుడెక్కడుంది?

… ఎక్కడ?

జేబులోనా! ఒరేయ్!

… మడతపెట్టి చొక్కా జేబులో పెట్టుకుని మెట్ల మీద నిలబడ్డావు. తీసేసేవాడైతే చింపేస్తాడు. ఉంచేవాడైతే ఫైల్లో పెడతాడు. ఇద్దరూ కానివాడు జేబులో పెట్టుకుని అక్కకి ఫోన్ చేస్తాడు… తిట్టడం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. తీసి చదువు. అంకెలు మింగేసి చదువు.

…

…

…

తమ్ముడూ. ఆ మొదటి వాక్యం ఎక్కడ ఆగుతుందిరా? నేను మూడు కాయలు ఒలిచేశాను.

… "రాబడి లోటు సంభవించు పక్షమున తట్టుకొను సామర్థ్యమును మదింపు చేయుట ఆవశ్యకమని భావించబడుచున్నది." ఎవరు భావించారు?… నువ్వే కదా. మరి "భావించబడుచున్నది" అని గోడ చాటుకి ఎందుకెళ్ళావు?

… ఆఫీసు భాష. సరే. నాకు ఇంటి భాషలో చెప్పు. రాబడి ఐదో వంతు పడిపోయిందనుకో. ఎవరి జీతమూ ఆపకుండా, ఏ ఆసుపత్రీ మూయకుండా, ఉన్న నిల్వతో ఎన్నాళ్ళు బండి లాగగలరు?

…

ఎంత?

మూడున్నర నెలలు.

… లేదు, నవ్వడం లేదు… కొంచెం నవ్వాను. ఏం లేదురా, అమ్మ నాలుగు నెలలు లాగింది. మీ ప్రభుత్వం మూడున్నర.

… ఎప్పుడేమిటి? ఎప్పుడో. మాటవరసకి అన్నాను… అబ్బ, మాటవరసకేనన్నానుగా. లేని నెల గుర్తొచ్చి అన్నాను. గుర్తుందా నీకు?

… గుర్తు లేకేం, అందులో నువ్వే కదా కథానాయకుడివి. ఏడాదిలో నాన్నకి పాత బకాయిలు కలిసొచ్చి, ఇంట్లో కాస్త చెయ్యి ఆడే నెల ఏదైతే ఉంటుందో, సరిగ్గా ఆ నెలే అమ్మ జీతం కవరు బీరువాలో పెట్టి తాళం వేసేది. "ఈ నెల జీతం రాలేదనుకోండి" అనేది. ముప్ఫై రోజులు. డబ్బు బీరువాలో, మనం బీరువా బయట… ఆ, నీకు అది దొంగాపోలీసు ఆటలా ఉండేది. నాకైతే ఒళ్ళు మండేది.

మొదటిసారి ఏం చేశావో చెప్పనా?… చెప్తాను. ఆరేళ్ళు నీకు. పక్కింటి పోస్టుమాస్టరు గారి అరుగెక్కి, "మా నాన్నకి జీతం రావట్లేదండీ, మా అమ్మ తాళం వేసుకుని కూర్చుంది" అన్నావు. సాయంత్రానికి ఆవిడ గిన్నెడు కూర పంపింది. ఎదురింటివాళ్ళు పాత చొక్కాలు పంపారు. ఇంటి ఓనరు పరుగున వచ్చాడు… అద్దె కోసం కాదట, పలకరింపుకట. అమ్మ మొహం చూడాలి! బీరువా నిండా డబ్బు పెట్టుకుని ఊరి దానం పుచ్చుకుంది మహాతల్లి.

… ఆ చొక్కాలు నీకే వేసింది. శిక్ష.

అప్పుడే కదా రూలు పెట్టింది. లేని నెలలో ఇంటి మాట గడప దాటకూడదని. మరి నీ నోట్లో నువ్వుగింజ నానదాయె. ఇప్పుడేమో నీ చేతికే రాష్ట్ర బడ్జెట్ రహస్యం ఇచ్చారు. ప్రభుత్వాలకి ధైర్యం ఎక్కువ.

…

అదే చెప్తున్నా. నీ "సామర్థ్యమును మదింపు చేయుట" అంటే ఇదేగా? ఉన్నప్పుడు లేదనుకుని నడిచి చూడటం. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడం. ఇందులో అపశకునం ఏముంది? అమ్మ ఏడాదికోసారి అనుకుంది, ఇల్లేం కూలిపోలేదు.

… పేజీ వెనకవైపా? ఏముంది వెనక?… ఓ, జాబితా. రాబడి తగ్గితే ముందు ఏవేవి ఆపాలి అని వరసగా. మంచిదే. చదువు.

… అధికారుల ప్రయాణాలు. ఊఁ… కొత్త కుర్చీలు. బాగుంది, పాతవాటిలో ఎవరూ కూర్చోవడం నేను చూడలేదు… స్వాగత ద్వారాలు. శభాష్… నాలుగోది?

…

మళ్ళీ చదువు.

…

"సంచార వైద్య శకటాలు." అంటే మందుల వ్యానులే కదూ. ఊరూరా తిరిగేవి.

… నాలుగోది ఎందుకయింది అది?

… పాత ఫైల్లో అలాగే ఉంది, చూసి రాశావు. ఊఁ… భవనం లేదు. పనివాళ్ళు తాత్కాలికం. ఆపితే కోర్టుకి వెళ్ళేవాళ్ళు ఉండరు. అవును… సులువే.

…

ఉన్నాను. బఠాణీలు కింద పడ్డాయి.

… ఏమీ లేదు. ఆ పాత ఫైలు ఏ ఏడాదిదిరా?

…

అవును. నువ్వు మూడో తరగతి అప్పుడు. నేను తొమ్మిదో తరగతి.

తమ్ముడూ, ఆ మెట్ల మీద కూర్చో… కూర్చోవయ్యా, ప్యాంటు మాసిపోతే ఉతుక్కోవచ్చు. అమ్మకి మాటిచ్చాను నీకు చెప్పనని. కానీ ఆ నాలుగో నంబరు చూశాక ఇంక దాచను.

ఆ ఏడు లేని నెల నాలుగు నెలలు సాగింది. గుర్తుందా?… ఆ. అది ఆట కాదు. అప్పుడు బీరువాలో కొత్త కవరేమీ లేదు.

… అవును. నాన్న పనిచేసిన మందుల వ్యానే. రాబడి పడిపోయిందని వ్యానులు ఆపేశారు. వ్యాను మనుషులకి జీతాలూ ఆపేశారు. కాంపౌండరు జీతం ఎవరికి కనిపిస్తుంది? జాబితాలో నాలుగో నంబరు.

…

నీకేం చెప్పాలో అమ్మకి తోచలేదు. చెప్తే తెల్లారేసరికి పోస్టుమాస్టరు గారి అరుగు మీద ఉంటుంది. నాన్నకి తల కొట్టేసినట్టు అవుతుంది. అందుకని నేనే… ఆ, నేనే చెప్పాను. పద్నాలుగేళ్ళ బుర్రకి అదే తోచింది. "నువ్వు గాజు గ్లాసు పగలగొట్టావు కదా, అందుకని అమ్మ లేని నెల పొడిగించింది" అన్నాను.

…

ఏమిటీ?

… ఇప్పటిదాకా గ్లాసు వల్లే అనుకుంటున్నావా!

అయ్యో నా తండ్రీ… ఆగాగు. అందుకేనా, మా ఇంటికొస్తే ఎప్పుడూ స్టీలు గ్లాసు అడుగుతావు?… ముప్ఫై రెండేళ్ళుగా గాజు ముట్టలేదా? నీ పెళ్ళాం ఎన్నిసార్లు అడిగింది నన్ను, ఈయనకి గాజంటే ఎందుకింత భయమని. నేను కూడా ఆలోచించానురా, పైగా!

… నవ్వుతున్నానో ఏడుస్తున్నానో నాకూ తెలియడం లేదు. ఉండు, ముక్కు తుడుచుకోనీ.

…

… రోజూ వెళ్ళేవారు కదా నాన్న, అంటావా. వెళ్ళేవారు. రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. డ్రైవరు వేరే పని వెతుక్కుని తాళాలు ఈయన చేతిలో పెట్టి పోయాడు. రోజూ షెడ్డుకి వెళ్ళి వ్యాను కడిగేవారు. లోపల మందుల అరలు తుడిచేవారు. వారానికోసారి ఇంజను స్టార్ట్ చేసి కాసేపు ఉంచేవారు, బ్యాటరీ చచ్చిపోకుండా. ఎప్పుడు పిలిచినా బయల్దేరాలి కదా, అనేవారు. నిన్ను శనివారాలు తీసుకెళ్ళేవారు.

… ఆ. డ్రైవరు సీటులో కూర్చోబెట్టి హారన్ కొట్టనిచ్చేవారు. తెలుసు. "నా జన్మలో అంత మంచి ఏడాది లేదక్కా" అని మొన్న కూడా అన్నావు.

ఆ హారన్ ఊళ్ళల్లో మోగాల్సిందిరా. షెడ్డులో నీ కోసం మోగింది.

…

…

ఉన్నావా?

… ఏడవకు మెట్ల మీద. ఎవరైనా చూస్తే బడ్జెట్లో లోటు వచ్చిందనుకుంటారు.

… ఆ, అలా నవ్వు. గేటు చప్పుడైంది. అమ్మ వచ్చినట్టుంది. ఉండు, ఇద్దరికీ ఒకేసారి దొరికిపోయాను.

అమ్మా, నెమ్మదిగా, బఠాణీలున్నాయి కింద… వాడే. తమ్ముడు… మామూలుగానే… అంత మామూలుగా కాదులే. అమ్మా, చెప్పేశాను. నాన్న వ్యాను సంగతి… నాలుగు నెలలూ… ఏం చేయనమ్మా, అవసరం పడింది.

… తమ్ముడూ, నన్ను చూస్తోంది. కొత్త అద్దాలు కదా, బాగా కనిపిస్తున్నాను కాబోలు… కూర్చుంది. బఠాణీలు తన వైపు లాక్కుంది. అంటే క్షమించినట్టే.

అమ్మా, వీళ్ళ ప్రభుత్వం కూడా లేని నెల లెక్క వేసుకుంది. వీడే వేశాడు… మూడున్నర నెలలు లాగుతుందట.

… నవ్వుతోందిరా! "ఆ మిగిలిన అరనెల కోసం నన్నడగమను" అంటోంది.

… ఎలా లాగావని అడుగుతున్నాడమ్మా… ఊఁ… ఊఁ… చెప్తాను. వినరా. "జీతం వచ్చే రోజుల్లోనే బీరువా తలుపు లోపలివైపు పెన్సిలుతో రాసుకున్నాను" అంటోంది… ఆపేవి కాదట. ఆపకూడనివి. నాన్న దగ్గుమందు, మన పుస్తకాలు, నీ పాలు… నాలుగోది ఏమిటమ్మా?… నాన్న న్యూస్‌పేపరు! పేపరు లేకపోతే ఆయన వంటింట్లోకి వచ్చి సలహాలిస్తారట. అది ఇంకా ఖరీదట.

… ఊఁ? చెప్తున్నాను, ఆగమ్మా. "కోసేవి ఎవరైనా కోస్తారు. కొయ్యకూడనివి కడుపు నిండి ఉన్నప్పుడే రాసుకోవాలి. ఆకలేసినప్పుడు రాయడానికి కూర్చుంటే అన్నీ కోసేవిలాగే కనిపిస్తాయి" అంటోంది.

…

విన్నావా? రాసుకుంటున్నావా! ఏ కాగితం మీద?… ఆ పేజీ మీదేనా. మంచిది.

మరి పెద్దసారు సంగతి అంటావా… చూడు, ఆయన తీసేయమని అనలేదు కదా. "అవసరమంటారా?" అన్నారు. అడిగిన ప్రశ్నకి జవాబు రాయి. "అవసరమే." ఐదే అక్షరాలు. కింద నీ సంతకం. "భావించబడుచున్నది" వద్దు, నువ్వే భావించు.

… తీసేస్తే తీయనీరా. ఆయన ఫైలు, ఆయన చెయ్యి, ఆయన సంతకం. ఆయన తీయాల్సిన పేజీ నీ జేబులో ఎందుకు?

… రికార్డు గదా? అమ్మా, వీణ్ణి ఫ్యాను తిరగని గదికి పంపిస్తారేమోనట… "వాళ్ళ నాన్న నాలుగు నెలలు షెడ్డులో కూర్చున్నారు, షెడ్డుకి ఫ్యాను లేదు" అంటోంది… నేననలేదురా, అమ్మ అంది. నాకైతే జాలేసింది. మా టేబుల్ ఫ్యాను తీసుకుపోదువుగాని.

…

టైము? నాలుగూ పది. వెళ్ళు. వ్యానులు ఎక్కడ పెడతావు జాబితాలో?

… అందులోనే పెట్టవా? మరి?

… కొత్త జాబితాలో. ఆపకూడనివాటిలో… ఎన్నోది?

… ఒకటోది.

…

ఊఁ. చెప్తాను అమ్మకి.

… పేజీ మడతలు పడిందా? ఇస్త్రీ చేయకు, ఉండనీ. ఆలోచించి పెట్టినట్టుంటుంది. వెళ్ళు, పరిగెత్తు… పరిగెత్తకు, మెట్లు.

ఆ, ఇంకో మాట. ఆదివారం భోజనానికి రండి ఇద్దరూ. కానీ ముందే చెప్తున్నాను, బావకి ప్రమోషన్ వచ్చింది… మొన్నే… ఆ, జీతం పెరిగింది. అందుకని అమ్మ నిన్ననే ప్రకటించేసింది… అవును, లేని నెల. యాభై ఏళ్ళ మనిషి, బీరువా ముందు నిలబడి తాళం ఇమ్మని బతిమాలుతున్నారు పాపం. కాబట్టి రండి గానీ, ఆకలి కాస్త ఇంట్లో పెట్టి రండి.

… సరే సరే. వెళ్ళు. నాలుగూ పన్నెండు.

… హలో?… హలో…

పెట్టేశాడమ్మా… ఆ, ఫైల్లోనే పెడతాడట. వ్యానులు ఒకటో నంబరు… నిజంగానే అన్నాడు… కోపమా? నా మీద లేదు, నీ మీదా లేదు. ఆ నాలుగు నెలలూ తన గ్లాసు వల్ల కాదని తెలిసింది కదా, దాంతోనే సరిపోయింది వాడికి.

… ఊఁ. నేనూ అదే అనుకున్నాను. ఆదివారం గాజు గ్లాసులోనే ఇస్తాను నీళ్ళు.

… పగిలితే పగలనీ అమ్మా. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పనులే.